దాదీ గిన్నీ

‘నిజాం కాలంలో మీరంతా అష్రఫీల మూటల మీద కూర్చున్నోళ్లే కదా’ అని మమ్మల్ని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. చార్మినార్ బొమ్మతో, 11 గ్రాములకు పైగా తూగే ఆ అష్రఫీని మా మేడిపల్లి ఇంట్లో ఎవరూ కళ్లజూడలేదు. దాదీ నికానామాలో మెహర్ కింద సిక్కా రూపాయలు, రెండు దీనార్ సుర్ఖ్ అని రాసి ఉండేది. ఆ ఎర్ర దీనార్లు కాగితం మీదే ఉండిపోయాయి. మా ఇంట్లో బంగారమంటే దాదీ నల్లపూసల లచ్ఛాకు వేలాడే గిన్నీ ఒక్కటే. బొంబాయికి కూలికి పోయిన వాళ్ల అబ్బా తెచ్చిందట. ‘ఇంగ్రేజ్ బాద్‌షాది’ అని మురిసిపోయేది.

భాయ్ దుబాయి వీసాకు పైసలు తక్కువపడితే దాదీయే దాన్ని తీసి చేతిలో పెట్టింది. మా ఊరి అవుసలి మామ దగ్గరికి పోయాం. తూకం వేశాడు. గీటురాయి మీద గీశాడు. 22 క్యారెట్ల సవరను 8 గ్రాములకు కొంచెం తక్కువ తూగుతుంది, అందులో అసలు బంగారం 7.32 గ్రాములు. ‘మంచి సవరను. కరగబెట్టకుండ్రి అల్లుడూ’ అన్నాడు. అద్దం పెట్టి గుర్రం కాళ్ల కింద చిన్న అక్షరం, దాని కింద 1918 చూపించాడు. ఆ పూట మాకు అక్షరాలతో పనేముంది? కోరుట్లలో అమ్మేశాం. తరుగు తీసి పైసలిచ్చారు. గిన్నీ మూసలోకి పోయింది.

ఆ అక్షరం కథ పత్రికలో చేరాకే తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, లండన్ టంకశాల శాఖ ఒకటి బొంబాయిలో నడిచింది. ఆ ఒక్క సంవత్సరం ముద్రతోనే సుమారు 13 లక్షల సవరన్లు కొట్టింది. ‘ఐ’ అంటే ఇండియా. పాత నాణేలు సేకరించేవాళ్లు ఆ అక్షరం కోసం వెతుకుతారు, అరగని నాణేనికి బంగారం ధర మీద ఇంకొంత ఇస్తారు. టంకం పెట్టి కొండి అతికించినదైతే ఆ ఎక్కువ దాదాపు పోయినట్టే. దాదీ మెడలో ఉన్న గుర్తే వాళ్ల లెక్కలో లోపం!

హైదరాబాద్‌లో అద్దె ఇంటికి పోతే మా పేరు విని, ‘తెలుగు బాగా మాట్లాడుతున్నారే, ఏ ఊరు?’ అన్నాడు ఇంటాయన.

‘మేడిపల్లి.’

‘అంతకు ముందు?’

అంతకు ముందూ మేడిపల్లే. రాజు బొమ్మ చూసి మేమూ ఆ గిన్నీని విలాయతుదే అనుకున్నాం. అది బొంబాయిలో పుట్టింది. ఆ ఒక్క అక్షరం చదివే ఓపిక ఆ రోజు మాకూ లేకపోయింది.