మెదడులో ఇల్లు చక్కబెట్టే కణాలు

మెదడు అనగానే మనకు గుర్తొచ్చేవి నరాలే. నరాల డాక్టరు, నరాల బలహీనత అనే మాటలు మన నోళ్లలో నానినవే కదా! కానీ మెదడులో ఉన్న కణాల్లో ఇంచుమించు సగం అసలు నరాల కణాలే కావట. మా పెద్దమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోంది. తను తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకంలోని సంగతులు, సాయంత్రం పూట నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే చెబుతూ వచ్చింది. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని, కొన్ని విషయాలు రెండేసిసార్లు చెప్పించుకున్నాను. అవి మీతోనూ చెప్పుకోవాలనిపించింది.

ఆ మిగతా సగాన్నీ గ్లియా కణాలంటారు. గ్రీకులో గ్లియా అంటే జిగురు. నరాల కణాలను అతికించి ఉంచే పదార్థమనుకుని 1850లలో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టరు ఆ పేరు పెట్టారు. తర్వాత నూరేళ్లు దాటినా శాస్త్రజ్ఞుల చూపంతా నరాల కణాల మీదే. మరి గ్లియా ఏం చేస్తుంది? “ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అన్నట్టుగా ఊరుకున్నారు. ఈ మాట మనకేం కొత్త చెప్పండి!

నిజానికి ఇవి చేయని చాకిరీ లేదు. నక్షత్రం ఆకారంలో ఉండే ఆస్ట్రోసైట్లు నరాల కణాలకు ఆహారం అందేలా చూస్తాయి. ఇంకో రకం, కరెంటు తీగకు తొడుగు వేసినట్టు నరాల పోగులకు కొవ్వు పొర చుడతాయి. మైక్రోగ్లియా అనే చిన్న కణాలు చెత్త ఊడుస్తాయి, క్రిములొస్తే తరుముతాయి.

వీటికోసం జీవితమంతా పెట్టిన మనిషి బెన్ బారెస్. 1954లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఆడపిల్లగా పుట్టి, బార్బరా అనే పేరుతో పెరిగారు. ఎం.ఐ.టి.లో చదివేటప్పుడు, దాదాపు అందరూ మగపిల్లలే ఉన్న పెద్ద క్లాసులో ఒక కష్టమైన లెక్క బార్బరా ఒక్కరే చేశారు. ప్రొఫెసరు మెచ్చుకోకపోగా, నీ బాయ్‌ఫ్రెండ్ చేసిపెట్టి ఉంటాడులే అన్నాడట. మా అమ్మాయి ఇది చెబుతుంటే నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత డాక్టరై నరాల జబ్బుల వైద్యం చేశారు. చెడిపోయిన మెదడు భాగాలను మైక్రోస్కోపులో చూస్తే, జబ్బున్న చోటల్లా గ్లియా కణాలు రూపం మారి గుమిగూడి కనిపించేవి. అవి అక్కడేం చేస్తున్నట్టు? మేలా, కీడా? ఎవరి దగ్గరా జవాబు లేదు. డాక్టరీ పక్కనపెట్టి మళ్లీ విద్యార్థిగా హార్వర్డ్‌లో చేరారు. ఆ తర్వాత లండన్‌లో పరిశోధన చేసి, 1993లో స్టాన్‌ఫోర్డ్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు.

1997లో బార్బరా మగవాడిగా మారి బెన్ అయ్యారు. అందరూ వెలివేస్తారేమోనని భయపడ్డారు గానీ అలా జరగలేదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత ఆయన ఉపన్యాసం విన్న ఒక ప్రొఫెసరు, బెన్ పని వాళ్ల చెల్లెలి పనికన్నా ఎంతో బాగుందన్నాడట! చెల్లెలెవరు? ఆ పనీ ఈ పనీ చేసింది ఒక్కరే. రెండు వైపులా బతికి చూసిన మనిషి కాబట్టి 2006లో నేచర్ పత్రికలో ఇవన్నీ ఘాటుగా రాశారు. ఆడవాళ్లకు సైన్సులో పుట్టుకతోనే తెలివి తక్కువనే పెద్దమనుషులకు అది జవాబు.

ఇక ఆయన పని. మెదడులో అన్ని కణాలూ కలగలిసి ఉంటాయి. ఒక్క రకం కణాన్నే పట్టుకునే పదార్థాన్ని పళ్లేలకు పూసి, కందిపప్పులో రాళ్లు ఏరినట్టు ఏ రకానికారకం వేరుచేసేవారు. అలా వేరుచేసిన నరాల కణాలను గ్లియా తోడు లేకుండా పెంచితే బతికాయి గానీ వాటి మధ్య సంబంధాలు అంతంతమాత్రం. గ్లియా తోడైతే ఆ అతుకులు 7 రెట్లు పెరిగాయని 2001లో చూపించారు. చూశారా, జిగురన్నది అసలు మాటలు కలిపేదన్నమాట.

2007లో ఆయన దగ్గర పనిచేస్తున్న బెత్ స్టీవెన్స్ అనే ఆవిడ మరోటి కనిపెట్టారు. పసి మెదడులో అక్కర్లేని అతుకులకు ఒక రకం ప్రోటీను గుర్తు పెడుతుంది. గుర్తున్నవాటిని మైక్రోగ్లియా తినేస్తుందని ఆవిడే బోస్టన్‌లో తన ప్రయోగశాల పెట్టుకున్నాక తేల్చారు. చిక్కుడు పాదుకు అదనపు తీగలు కత్తిరించినట్టు, అది మంచికే. అయితే అల్జీమర్స్ లాంటి జబ్బు కలిగించిన ఎలుకల్లో ఆ కత్తిరింపు పెద్దయ్యాక మళ్లీ మొదలవుతోందని 2016లో తెలిసింది. అదీ జబ్బు పైకి బాగా ముదరకముందే.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అత్తయ్యగారికి ఐదేళ్లుగా అల్జీమర్స్. తిన్న పది నిమిషాలకే “అన్నం పెట్టవేమే?” అంటారు. ఊరంతా మెచ్చుకునే ఆవకాయ పెట్టిన చేతులు, ఇప్పుడు ఆవపిండీ కారమూ ముందు పెడితే ఏది ఏదో తెలియక తడుముకుంటాయి. వచ్చిన చుట్టాలు ఆవిడ మాటలు విని, కోడలు సరిగ్గా చూడక ఇలా అయిందని నా చెవిన పడేలా అనేవారు. ఇది చూపు చాలక వచ్చేది కాదు, మెదడులో ఎప్పుడో సద్దు లేకుండా మొదలయ్యేదని తెలిశాక ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. మీలో ఎందరు ఇలాంటి మాటలు పడుతున్నారో!

2017లో బారెస్, షేన్ లిడెలో కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. వాపుతో రేగిన మైక్రోగ్లియా మూడు పదార్థాలు వదిలితే, అన్నం పెట్టే ఆస్ట్రోసైట్లు కొన్ని తిరగబడి నరాల కణాలనే చంపుతున్నాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి జబ్బులతో పోయినవారి మెదళ్లలో ఇలా మారిన కణాలు కనిపించాయి. అలాగని రేపే మందొస్తుందనుకోకండి. వీటిని దారికి తెచ్చి జబ్బు నయం చేసే మందు ఇంకా లేదు. జ్ఞాపకశక్తి చూర్ణమంటూ మా ఇంటికి డబ్బా పట్టుకొచ్చినాయనకు నేనదే చెప్పి పంపేశాను.

నాకు మరీ నచ్చిన సంగతి ఒకటుంది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు సొంతంగా ప్రయోగశాల పెట్టుకునేటప్పుడు, చేస్తున్న పనిని వెంట తీసుకుపోనిచ్చేవారట. కాపురానికి వెళ్లే పిల్లకు సారె పెట్టినట్టు. 2016లో ఆయనకు క్లోమ గ్రంథి క్యాన్సర్ అని తేలింది. ఆఖరి నెలల్లో కూడా శిష్యుల ఉద్యోగాల కోసం సిఫార్సు ఉత్తరాలు రాస్తూ, తన జీవిత కథ పూర్తిచేసి, 2017 డిసెంబరు 27న 63 ఏళ్లకు పోయారు. పుస్తకం 2018లో వచ్చింది. మా అమ్మాయి తెచ్చుకున్నది అదే. లైబ్రరీ గడువు శనివారంతో అయిపోతుంది, ఇంకా రెండు అధ్యాయాలు వినాలి నేను.