బోరుబావియు బి.ఇడి. పట్టాయు

మా మేనమామ చెడ్డవాడు కాడు. పంచాయతీలలో పక్షపాతము లేక మాటాడువాడనియు, తీసికొన్న అప్పును అడిగించుకొనక తీర్చువాడనియు, సంతలో ఎడ్లజతను చూపుతోనే తూచగలవాడనియు కళ్యాణదుర్గము ప్రాంతమున ఆయనకు పేరుండెను. అట్టివాడు 1996వ సంవత్సరమున నా చదువును గూర్చి చెప్పిన ఒక్క సలహా, ఆయన గతించి చాలకాలమైనను, ప్రతినెలయు పెన్షను బ్యాంకులో పడిన దినమున నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆయనతో తగవు తీర్చుకొనుటకు గాక, నడివయసున చదువునకు మరలదలచినవారు తమ లెక్కలో దేనిని విడిచిపెట్టుచుందురో చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. తగవు బొత్తిగా లేదని మాత్రము చెప్పజాలను.

అప్పటికి నాకు ముప్పదినాలుగేండ్లు. ఇంటర్మీడియటు, ఉపాధ్యాయశిక్షణ (టి.టి.సి.) అర్హతలతో 1984లో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడనైతిని; ప్రాథమిక పాఠశాలలో రెండు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఒకరికి ఎక్కములు అప్పగించి మరియొకరికి పాఠము చెప్పుట నా నిత్యకృత్యము. ఉద్యోగము చేయుచునే సార్వత్రిక విశ్వవిద్యాలయమున బి.ఏ. ముగించితిని. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసియుండనిచో మావంటివారికి ఆ బి.ఏ. దక్కెడిది కాదు. దేశమున అట్టి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది; ఆచార్య జి. రాంరెడ్డి దానికి ప్రథమ ఉపకులపతి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేర జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని ఆయననే ప్రథమ ఉపకులపతిగా నియమించిరి. 1991లో మన విశ్వవిద్యాలయమునకు అంబేద్కరు పేరు వచ్చినది. ఇంటర్మీడియటు లేనివారు సైతము అర్హతపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరవచ్చుననియు, పాఠములు తెలుగున అచ్చై చేతికి వచ్చుననియు తెలిసిన పిమ్మట, అనంతపురమున ఆదివారపు తరగతులకు ఎవరెవరు రాలేదు! నా ప్రక్కన ఆర్.టి.సి. కండక్టరు, వెనుక గుంతకల్లు రైల్వే గుమాస్తా, ముందు వరుసలో బిడ్డను తల్లికి అప్పగించి వచ్చిన గృహిణి. భోజనవిరామమున ఆ కండక్టరు టిక్కెట్ల లెక్కలు చూచుకొన్న వ్రేళ్ళతోనే చరిత్ర పాఠములోని తేదీలను లెక్కించుకొనుచుండెడివాడు.

అయితే బి.ఏ. ఒక్కటి జీతమును పెంచదు. స్కూల్ అసిస్టెంటు పదోన్నతికి డిగ్రీతోపాటు బి.ఇడి. కావలెను. నాటి బి.ఇడి. ఒక సంవత్సరపు చదువు. కళాశాలకు పోయి చదువవలసినది. దానికై జీతనష్టపు సెలవు పెట్టవలెను. నాకు ప్రవేశపరీక్షలో సీటు వచ్చినది. పాట పాడక ఆఖరి వాయిదాదాక ఓపికతో కట్టిన 25,000 రూపాయల చీటీలో కమీషను 1,000 పోగా 24,000 చేతికి వచ్చినది. పది నెలలు ఇల్లు గడుచుటకు నెలకు 1,900 చొప్పున 19,000, రుసుమునకును పుస్తకములకును 5,000, వెరసి 24,000 అని పాత డైరీలో గీత గీచి వ్రాసికొంటిని.

ఆ గీతను చెరిపినది మేనమామ మాట. మా నాయనకు బావమరది మాటయనిన వేదవాక్యము. పండుగకు వచ్చిన మామ, ఉయ్యాలబల్లపై కూర్చుండి నాతో ఇట్లనెను: “ఏమి అల్లుడూ, ముప్పై నాలుగేండ్లకు యా బడికి పోతావప్పా? సంజీవరెడ్డి డిగ్రీ లేకుండానే రాష్ట్రపతి కాలేదా? ఆ దుడ్డు పెట్టి బోరు వేయించు. నీళ్ళు పడితే నీ కొడుకులకు, వాళ్ళ కొడుకులకు తిండి. ఆ పట్టా నీతోనే కాటికి వస్తాది.” నీలం సంజీవరెడ్డి అనంతపురము ఆర్ట్సు కళాశాలలో చదువు విడిచినది 1931లో స్వాతంత్ర్యోద్యమము కొరకేగాని బోరు వేయించుటకు కాదని నేను అనలేదు. పెద్దలయెదుట అట్లనుట మా యింట మర్యాద కాదు. పొలము ఉమ్మడి, పొయ్యి ఉమ్మడి, కావున చీటీ సొమ్మును ఉమ్మడియే అయ్యెను.

మా పీఠభూమి స్వభావము తెలిసినవారికి తరువాతి కథ విడమరచి చెప్పనక్కరలేదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు మేఘములు తీరమున కురిసి, మా మీదికి వచ్చునప్పటికి రిక్తములగును. ఏటికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షమునకు నోచుకొన్న నేల ఇది. క్రింద నల్లరాయి, ఆ రాతి పగుళ్ళలో నిలిచినదే నీరు. అరచేత టెంకాయను అడ్డముగా పెట్టుకొని పొలమెల్ల నడచిన నీటిజాడగాడు, అది నిట్టనిలువుగ లేచినచోట కాలు తొక్కి గురుతు పెట్టెను. తిరుచెంగోడునుండి వచ్చిన బోరుబండి రాత్రియెల్ల గర్జించెను, తెల్లని రాతిపిండి మా కనుబొమలపై పేరుకొనెను, తెల్లవారుజామున పిండి బురదయై, బురద నీరైనప్పుడు “ఒకటిన్నర ఇంచు!” అని మామ కేకవేసి టెంకాయ కొట్టించెను. ఆనాడు నేనును సంతోషించితిని.

ఇక లెక్క. 230 అడుగుల త్రవ్వకము అడుగునకు 40 చొప్పున 9,200, కేసింగు పైపు 3,600, మోటారు, కేబులు, స్టార్టరు 17,000, నీటిగొట్టములు 4,200, కరెంటు కనెక్షనునకు 5,000, వెరసి 39,000. చీటీ సొమ్ము 24,000 పోగా తక్కిన 15,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమి. అనగా నెలకు 300, ఏటికి 3,600, మూడేండ్లకు 10,800. మొదటి యేడు యాసంగి వేరుసెనగలో ఖర్చులు పోగా మిగిలినది 7,000. రెండవ యేడు 5,500. మూడవ యేడు నీరు సగము ఇంచునకు దిగెను. ఆపైన మోటారు గాలినే తోడెను. మోటారు అమ్మగా 6,000 వచ్చెను. పెట్టినది 39,000, వడ్డీ 10,800, మొత్తము 49,800, వచ్చినది 18,500, నష్టము 31,300. తరతరాలకు తిండి పెట్టవలసిన బోరు మూడవ పంటను చూడలేదు. కేసింగు పైపు నేటికిని గట్టున తల యెత్తి నిలిచియున్నది. మేకలు కాచువారు దానిలో రాళ్ళు వేసి చప్పుడు వినుచుందురు.

బోరు నష్టమును ఊరెల్ల ఎరుగును. చదువు ఆగిన నష్టమునే ఎవరును లెక్కింపలేదు, అదియే పెద్దది. మొదట ఒక సూత్రము: ఉద్యోగికి చదువు ఖర్చనగా రుసుము కాదు, తాను వదలుకొన్న జీతము. చదివినను చదువకున్నను తినుట తప్పదు గనుక ఇంటిఖర్చును చదువు పద్దున వ్రాయరాదు. 1996లో నా జీతము నెలకు 3,800. పది నెలలకు 38,000. రుసుము, పుస్తకములు 5,000. నిజమైన ఖర్చు 43,000. అప్పు తీరి, తిరిగి సీటు సంపాదించి నేను బి.ఇడి. చదివినది 2000-2001లో. అప్పటికి పే రివిజను వచ్చి జీతము 6,500 అయినందున వదలుకొన్నది 65,000; రుసుమును పెరిగి 9,000; ఖర్చు 74,000.

మామ పక్షమున వాదించువాడు, “ఆగినందువలన సొమ్మునకు వడ్డీ వచ్చెడిది కదా” అనవచ్చును. వచ్చెడిదే. ఆనాడు ఉద్యోగుల భవిష్యనిధికి (జి.పి.ఎఫ్.) నూటికి 12 రూపాయల వార్షికవడ్డీ. 43,000 మొదటి యేడు 48,160. రెండవ యేడు 53,939. మూడవ యేడు 60,412. నాల్గవ యేడు 67,661. అనగా బోరు మాటయే లేక, ఆ మొత్తమును మిక్కిలి క్షేమమైన చోట నాలుగేండ్లు దాచియుండినను, 2000లో చదువు వెలకు 6,339 తక్కువ పడెడిది. చదువు వెల వడ్డీకంటె వేగముగ పెరిగినది. ఏలయనగా ఆ వెల నా జీతమే. ఉద్యోగి పెద్దవాడగుకొలది అతని చదువు ప్రియమగును, దాని ఫలము ననుభవించు కాలము తరుగును. కత్తెర రెండంచులును ఒకేసారి కోయును.

తరువాతిది సీనియారిటీ. నాకు వెనుక ఉద్యోగమున చేరి, 1997నాటికే బి.ఇడి. ముగించిన సహోద్యోగి 2002లో స్కూల్ అసిస్టెంటు అయ్యెను. నాకు 2006లో వచ్చినది. పదోన్నతిపై ఎఫ్.ఆర్. 22(బి) నియమముచే జరుగు జీతస్థిరీకరణ వలన కలుగు వ్యత్యాసము డి.ఏ.తో నెలకు 550 అనుకొన్నచో, 48 నెలలకు 26,400. ఇంతేయైన మరచిపోదగినదే. కాని స్కూల్ అసిస్టెంటు సీనియారిటీ పదోన్నతి తేదీనుండి లెక్కింపబడును గనుక, 2020లో ప్రధానోపాధ్యాయ పదవి ఆయనను వరించెను. నేను 2024లో స్కూల్ అసిస్టెంటుగానే విరమించితిని. హాజరుపట్టీలో నా సంతకము క్రింద ఎఱ్ఱసిరాతో ఆయన పొడిసంతకము పడుచుండెడిది. అక్కడి వ్యత్యాసము రెండు ఇంక్రిమెంట్లు, 3,400, డి.ఏ.తో 4,200, 48 నెలలకు 2,01,600. రెండును కలిపి 2,28,000. పదోన్నతి రానివారికి సర్వీసును బట్టి ఇచ్చు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు స్కేళ్ళు ఇట్టి గోతులను కొంత పూడ్చును గాని పూర్తిగ పూడ్చవు. కావుననే వ్యత్యాసమును తక్కువగనే వేసితిని. పెన్షను చివరి జీతములో సగము గనుక 1,700, కరవుభత్యముతో 2,100, ఏటికి 25,200, ఇరువదేండ్లు జీవించినచో, ఇకముందు పెంపు లేకున్నను, 5,04,000. గ్రాట్యుటీ, కమ్యుటేషను ఇందు చేర్చలేదు.

పట్టా నాతోనే కాటికి వచ్చునని కదా మామ అన్నది! రాదు. నా తదనంతరము నా భార్యకు కుటుంబపెన్షను వచ్చును. అదియు ఆ పట్టా పెంచిన జీతముపైననే కట్టబడును. నాకంటె ముందు నేలలో కలసినది బోరే. ఈ మాట ఆయన బ్రదికియుండగా చెప్పగలిగియుండినచో బాగుండెడిదని అనుకొనని దినము లేదు. చెప్పియుండినను ఆయన, “ఆ యేడు వానలు సరిగా పడలే అల్లుడూ” అని తేల్చివేసియుండును.

ముప్పదెనిమిదేండ్ల వయసున తరగతిలో కూర్చుండుట ఎట్లుండెనని పలువురు అడుగుదురు. పదునారేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, నాకంటె చిన్నవారగు అధ్యాపకుల యెదుట, పిల్లలవలె నటించు తోటి విద్యార్థులకు ఐదు నిమిషముల మైక్రో టీచింగు పాఠము చెప్పితిని. నల్లబల్లపై తేదీ వ్రాయుట మరచితినని అధ్యాపకుడు నా రికార్డులో వ్రాసెను. మొదట రోషము కలిగెను. తరువాత ఆలోచింపగా, ఆ పదునారేండ్లలో నేను తేదీ వ్రాసిన దినములు అరుదే. ఆ యేడు ఇల్లు నడిపినది జి.పి.ఎఫ్. అప్పు, నా భార్య మేపిన ఎనుము పాలు. నేడు బ్యాంకు విద్యారుణము, ఉద్యోగస్థులకు దూరవిద్యలో బి.ఇడి. మొదలగు మార్గములును కలవు. ఎవరి వీలు వారిది.

అయితే నా లెక్కను చూచి నేటి ఉపాధ్యాయుడెవడును జీతనష్టపు సెలవు పెట్టరాదు. 2015 నుండి బి.ఇడి. రెండేండ్ల చదువైనది. నేడు జీతము నెలకు 55,000 అనుకొన్నచో ఇరువది నెలలకు 11,00,000 వదలుకొనవలెను; వచ్చు వ్యత్యాసము నెలకు 4,200, ఏటికి 50,400; అసలు తిరిగి వచ్చుటకే ఇంచుమించు ఇరువదిరెండేండ్లు పట్టును. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారికి నావంటి పెన్షనును లేదు. పదవీవిరమణ వయసు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరుగుటవలన నడివయసు చదువునకు నాలుగేండ్ల ఆయుర్దాయము కలిసివచ్చినమాట నిజమే; అదియు ఈ లోటును పూడ్పదు. మరి చదువు మానవలెనా? మానుటకును వీలు లేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు అర్హతపరీక్షయగు టెట్‌లో ఉత్తీర్ణులు కావలసివచ్చినది. నలుబదియైదేండ్లవారు మరల పుస్తకము పట్టుచున్నారు.

వయసు మీరినదను మాట సాధారణముగ చదువనివారు చెప్పునదే. మనిషికి రెండు వయస్సులు కలవు: గడచినది ఒకటి, మిగిలినది ఒకటి. చుట్టములు మొదటిదానిని లెక్కింతురు. సొమ్మునకు పనికివచ్చునది రెండవది. కనుక పాఠకులకు నా మనవి ఇదియే: చదువునకు మరలువాడు మొదట రుసుము అడుగక, మిగిలిన సర్వీసు నెన్ని నెలలో వ్రాసికొనవలెను, దానిని నెలసరి వ్యత్యాసముతో గుణింపవలెను, వదలుకొను జీతమును దాని ప్రక్కన ఉంచవలెను. మొదటిది పెద్దదైనచో ఈ యేడే చేరవలెను, మరుసటి యేటికి వాయిదా వేయరాదు. చిన్నదైనచో ఉద్యోగము విడువక దూరవిద్యలో చదువవలెను. ఎట్లయినను చదువు సొమ్మును ఉమ్మడి పెట్టెలో ఉంచరాదు.