కొడిమ్యాల నుంచి బొమ్మలమ్మ గుట్టకు

పెత్రమాస ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే కొడిమ్యాలలో మిత్రుడి ఇంటి ముందు కూర్చుని చాయ్ తాగుతుంటే, ఎదురింటి అవ్వ ఒడినిండా గునుగు పువ్వు పట్టుకుని చెలక దిక్కు నుంచి వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మకు ఇప్పటి నుంచే ఏరుతున్నావా అవ్వా అని అడిగాను.

"ఏరకుంటే ఏడ దొర్కుతది బిడ్డా! చేన్లకు గడ్డిమందు కొట్టవట్టిరి. గునుగు మొలుస్తనే లేదు. తంగేడంటె ఏదన్న గుట్టకు పోతె దొర్కుతది" అంది.

కొడిమ్యాలలో చూడటానికి ఏముందని అడిగేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఈ ఊరు ఎక్కడుందో. ఒకవైపు కొండగట్టు అంజన్న, ఇంకోవైపు వేములవాడ రాజన్న. ఈ రెండు మొక్కుల నడుమ రోజంతా జీపులు, కార్లు తిరుగుతూనే ఉంటాయి. పొద్దున అంజన్న, సాయంత్రం రాజన్న. యాత్ర అయిపోయిందనుకుని జనం ఇళ్లకు మళ్లుతారు. నడుమ ఇంకొకటుంది. కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట. తెలుగు చదవగలిగిన ప్రతివాళ్లూ ఒక్కసారైనా దాని ముందు నిలబడాలని నా కోరిక. మిత్రుడి బండి మీద బయలుదేరింది అందుకే.

ముందు కొండగట్టు. ఆ రోజు మంగళవారం, స్వామి వారం. కాషాయం కట్టిన దీక్షాపరులు, చంకలో పిల్లలతో తల్లులు, కోతులు, కొబ్బరికాయలు. గుడి మల్యాల మండలం ముత్యంపేటలో ఉంది. మంద నుంచి తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ వచ్చిన సింగం సంజీవుడనే కాపరికి స్వామి కనిపించాడని స్థలపురాణం. విగ్రహానికి ఒకవైపు ఆంజనేయుడి ముఖం, ఇంకోవైపు నరసింహుడి ముఖం. మనసు బాగాలేనివాళ్లను తీసుకొచ్చి నలభై రోజులు ఇక్కడే ఉంచి పూజలు చేయించే కుటుంబాలను ఇప్పటికీ చూడొచ్చు. నాకు ఈ గుడిలో అన్నిటికంటే మనసుకు తగిలేది అదే. ఒక మనిషి కోసం ఇల్లంతా కొండకు తరలి వస్తుంది.

దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో మిత్రుడు బండి ఆపాడు. 2018 సెప్టెంబర్ 11న, అదీ మంగళవారమే, జనంతో కిక్కిరిసిన పల్లె బస్సు ఈ ఘాట్‌లో బోల్తాపడింది. అరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బుతిమ్మాయిపల్లి - అన్నీ కొడిమ్యాల మండలం ఊళ్లే. "మా దిక్కు పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తరు గద, ఆ యేడు నుంచి బియ్యం ఇచ్చే ఇండ్లు చానా పెరిగినయ్" అన్నాడు మిత్రుడు. నేను ఏమీ అనలేకపోయాను. బండ పక్కన కాసేపు నిలబడి, చేతులు జోడించి కదిలాం.

నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 2007లో వచ్చింది. గుట్టల నీడలో హాస్టల్ భవనాలు, గేటు ముందు మిర్చి బజ్జీల బండి. అక్కడ ఆగలేదు.

గంగాధర చేరేసరికి ఎండ ముదిరింది. కరీంనగర్ గ్రానైట్‌కు ఎక్కడెక్కడి నుంచో గిరాకీ. ఈ చుట్టుపక్కల ఎన్నో గుట్టలు సగానికి సగం కోసుకుపోయి, రొట్టె ముక్కల్లా నున్నటి అంచులతో కనిపిస్తాయి. వాటిని దాటుకుంటూ పోయి బొమ్మలమ్మ గుట్టను నిండుగా చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

నిలువుబండ మీద ఎనిమిది చేతుల దేవత, కింద గరుడుడు. ఆమె జైనుల చక్రేశ్వరి. అటూ ఇటూ తీర్థంకరులు. జైనం ఈ నేల విడిచి ఎంతకాలమైందో గానీ ఊరివాళ్లు ఆమెను వదల్లేదు. బొమ్మలమ్మ అని పేరు పెట్టుకుని పసుపుకుంకుమలు పెడుతూనే ఉన్నారు. కింద బండ మీద పదకొండు పంక్తుల శాసనం. సుమారు 945 నాటిది. సంస్కృతం, కన్నడం, తెలుగు - మూడు భాషల్లో ఒకే మనిషి మాట. చెక్కించినవాడు జినవల్లభుడు.

ఈ జినవల్లభుడి అన్న పంపడు. కన్నడిగులు ఆదికవి అని తల మీద పెట్టుకునే పంపడే. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉండి కన్నడంలో భారతాన్ని రాశాడు. మెచ్చిన రాజు ధర్మపురం అగ్రహారమిచ్చాడు. అన్నకు దక్కిన ఆ గౌరవాన్ని తమ్ముడు రాతి మీద నిలబెట్టాడు. తాను కట్టించిన త్రిభువనతిలక బసది గురించి, తవ్వించిన చెరువు గురించి, వేయించిన తోట గురించీ చెప్పుకున్నాడు. అందులో తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందు! కందం రాసినవాడే కవి అని మన సామెత. ఆ కందం అప్పటికే ఇంత నిలకడగా ఈ గుట్ట మీద నడిచింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందంటే, దానికి ముందు పెట్టిన సాక్ష్యాల్లో ఈ బండ ఒకటి.

అక్షరాలు గుండ్రంగా, తెలుగు కన్నడాలు ఇంకా విడిపోని లిపిలో ఉన్నాయి. నాకు చదవడం రాదు. అచ్చులో ముందే చదువుకున్నాను గనుక ఏ వరుసలో ఏముందో పోల్చుకోగలిగాను. ముట్టుకోవాలని చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాను. వెయ్యేళ్ల ఎండావానలకు అరిగిన గీతలవి. నా చేతి చెమట కూడా వాటికి వద్దనిపించింది. మేం ఉన్న గంటన్నరలో ఇద్దరు మేకల కాపర్లు తప్ప ఎవరూ రాలేదు. వెళ్లేవాళ్లు పొద్దున కొండగట్టు తర్వాత నేరుగా ఇక్కడికే రండి, నీళ్లు వెంట తెచ్చుకోండి. గంట సరిపోదు, పూటంతా ఉంచుకోండి.

దిగుతుంటే బండల సందుల్లో తంగేడు విరగబూసి ఉంది. అవ్వ మాట గుర్తొచ్చింది. ఒక కట్ట కోసి తడి తువ్వాలులో చుట్టాను.

వేములవాడలో మొక్కుకున్న కోడెలను పట్టుకుని కుటుంబాలు గుడి చుట్టూ తిరుగుతున్నాయి. ఆవరణలోనే దర్గా, అక్కడా మొక్కేవాళ్లున్నారు. పంపడు తిరిగిన రాజధాని ఇదేనని ఈసారి మొదటిసారి ఒంటికి తెలిసింది. కోడె వెంట నడుస్తున్న ఒక పెద్దాయన కొండగట్టు నుంచి వస్తున్నామన్నాడు. బొమ్మలమ్మ గుట్ట గురించి చెబితే, దారి మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు.

కొడిమ్యాల చేరేసరికి చీకటి పడింది. అవ్వ గడపలో కూర్చుని గునుగు కట్టలు కడుతోంది. తువ్వాలు విప్పి తంగేడు చేతికిచ్చాను.

"ఏ గుట్టది?"

"బొమ్మలమ్మ గుట్టది."

"ఆ తల్లి కాడిదాకా పోయినవా!" అంటూ కట్టను కళ్లకద్దుకుంది. లేచి బకెట్లో నీళ్లు పోసి, కొమ్మలు ఒక్కొక్కటే అందులో నిలబెట్టింది.