ఉప్పల్ రోడ్డు మీద ‘టక్’ మన్న చప్పుడు

ఆదివారం పొద్దున్నే చిన్నాన్న ఫోన్. “లేచినవా రా? బండి మళ్లా టక్కుమంటున్నది.”

చిన్నాన్నది పికప్ బండి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సరుకు ఎక్కించుకుని ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా బోడుప్పల్, మేడిపల్లి, ఘట్‌కేసర్ దాకా దించి వస్తాడు. నేనుండేది హబ్సిగూడలో. ఆఫీసుకి మెట్రోలో రాయదుర్గం వెళ్లొస్తా. నాకు ఉప్పల్ అంటే స్కైవాక్, స్టేడియంలో మ్యాచ్ రోజు జామ్. ఆయనకు ఉప్పల్ అంటే ఫస్ట్ గేరు.

లోడుతో బండి కదిలేటప్పుడల్లా కింద టక్ మని చప్పుడు. స్పీడు నలభై దాటితే సీటు కింద వణుకు. ఓ వర్క్‌షాప్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ దింపాలి, 48 వేలవుతుంది అన్నారట. ఆయన నెల కిస్తీయే 14 వేలు. వారం రోజులు బండి ఆగితే కిరాయిలు వేరేవాళ్లకు పోతాయి. “కంప్యూటర్ పెట్టి చూశారు కదా చిన్నాన్నా, నమ్ముదాం. సగం నేనిస్తా” అని పెద్దరికంగా చెప్పేశా. తర్వాత వాట్సాప్‌లో ఆ స్కాన్ రిపోర్ట్ తెరిచా. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు! రోజంతా ఎర్రర్ లాగ్‌లు చూసే నాకు అప్పుడు గానీ అనుమానం రాలేదు.

హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం వైపు తిరిగాం. ఎన్టీఆర్ స్టూడియో ఉన్న ఊరిగా నాచారం పేరు చాలామందికి తెలుసు. కానీ బండ్లవాళ్లకు నాచారం అంటే ఫ్యాక్టరీలు, లేత్ మిషన్లు, వెల్డింగ్ షెడ్లు. ఆదివారం కదా, సగం షట్టర్లు దించే ఉన్నాయి. చిన్నాన్నకు తెలిసిన మెకానిక్ భాయ్ షెడ్డు మాత్రం తెరిచి ఉంది.

“గేర్‌బాక్స్ పోయిందంటున్నరు భాయ్” అన్నాడు చిన్నాన్న.

భాయ్ ఏమీ అనలేదు. చక్రాలకు రాళ్లు పెట్టించి, బండిని న్యూట్రల్ చేయించి కిందకి దూరాడు. కాసేపటికి “సాబ్, ఇట్ల రా, చూడు” అని నన్ను పిలిచాడు. అట్టముక్క మీద పడుకుని నేనూ దూరా. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా పొడవాటి గొట్టంలా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంది. దాని చివర్లలో ప్లస్ గుర్తులా ఉండేవి క్రాస్‌లు. షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పాడు. టక్, టక్. అదే చప్పుడు!

“గ్రీజు లేదు. లోపల బేరింగులు అరిగినయ్. గేర్‌బాక్స్‌కేం కాలే.”

కారణం కూడా ఆయనే చెప్పాడు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పిల్లర్ల కింద గుంతలు, వానొస్తే మడుగులు. సీలు దెబ్బతిన్న క్రాస్‌లోకి ఆ నీళ్లు వెళితే గ్రీజు పోయి తుప్పు పడుతుంది. లోడుతో ఆగి కదిలిన ప్రతిసారీ కుదుపు దాని మీదే పడుతుంది. ఇంజన్ కంప్యూటర్‌కి ఇదేమీ తెలియదు. అక్కడ సెన్సరే లేదు మరి.

పని చేస్తూనే నాకు చిన్న క్లాస్ పీకాడు. మీ ఇంట్లోనూ పికప్ ఉంటే గుర్తుపెట్టుకోండి. కదిలేటప్పుడు టక్ మంటే ముందు క్రాస్‌లు చూడాలి. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తూ బండి గుంజకపోతే క్లచ్ ప్లేట్. ఇంజన్ ఆపినప్పుడు గేర్లు తేలిగ్గా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదని. స్పీడుతో పాటు వెనక నుంచి మూలుగు పెరిగితే డిఫరెన్షియల్ చూపించాలి.

రెండు క్రాస్‌లు, కూలీ కలిపి 2,600. చిన్నాన్న రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. భాయ్ డబ్బులు జేబులో పెట్టుకుంటూ, “క్లచ్ పెడల్ మీద కాలు పెట్టి నడుపుతున్నవ్. ఇట్లనే చేస్తే వచ్చేసారి ఆ ప్లేటే పోతది” అన్నాడు.

టెస్టింగ్‌కి బోడుప్పల్ దాకా పోయొచ్చాం. చిన్నాన్న పాటలు ఆపేశాడు. ఇద్దరం మాట్లాడకుండా చెవులు రిక్కించి కూర్చున్నాం. చప్పుడు లేదు, వణుకు లేదు. ఎడమ కాలు బుద్ధిగా కిందే ఉంది.

తిరిగొస్తుంటే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర జామ్. ముందు బస్సు, పక్కన ఆటోలు. అంగుళం కదలడం, ఆగడం. చూస్తే కాలు మళ్లీ పెడల్ మీదే ఉంది.

“చిన్నాన్నా, కాలు!”

“మరి ఈడ ఎట్ల నడపాలె రా?” అన్నాడు.