నల్లగుట్ట మీద నాకేం పని?

"ఆ గుట్ట మింద నీకేం పని పాపా?"

మెడలో కెమెరా వేసుకుని తెల్లవారుజామున బయల్దేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అడిగేవారు. పాలు పోసేచోట ఒకరు, బస్సు కోసం నిలబడినవాళ్ళు ఒకరు, చివరికి మా నాయన. నా దగ్గర జవాబు ఉండేది కాదు. రాళ్ళను ఫోటో తీయడం పనెట్లా అవుతుంది?

మాది పూతలపట్టు పక్కన చిన్న పల్లె. మామిడి తోటలు దాటితే గుట్టలే. చుట్టూ అన్నీ బూడిదరంగు బండలు. మధ్యలో ఒక్కటి మాత్రం గీత గీసినట్టు బారుగా, నల్లగా సాగి ఉంటుంది. అది ఎందుకు నల్లగా ఉందో తిరుపతిలో చదువుకునేటప్పుడు తెలిసింది. సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలినుంచి కరిగిన రాయి గ్రానైటు పగుళ్ళలోకి ఎగదన్ని, పైకి రాకుండానే చల్లారి గట్టిపడింది. దాన్ని డోలరైట్ డైక్ అంటారు. పైనున్న రాయి అరిగిపోయాక అది బయటపడింది. మా ఊరి వెనక ఉన్నది చల్లారిన నిప్పు! ఆ తర్వాత ఆ గుట్టను మామూలుగా చూడలేకపోయాను.

2022లో వచ్చిన 'ఫైర్ ఆఫ్ లవ్' డాక్యుమెంటరీలో కాతియా క్రాఫ్ట్‌ను చూశాను. ఫ్రాన్సు దేశపు అగ్నిపర్వత శాస్త్రజ్ఞురాలు. భర్త మోరిస్ సినిమా తీస్తుంటే, ఆమె ఫోటోలు తీసేది. 1991 జూన్ 3న జపాన్‌లో ఉన్‌జెన్ పర్వతం మీంచి దూసుకొచ్చిన మండే బూడిద మేఘానికి 43 మంది బలయ్యారు. వాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఎగిసే లావాకన్నా, దాని ముందు ఆమె నిలబడిన తీరే నన్ను కట్టిపడేసింది. నాకేమో ఆరిపోయిన నిప్పు దగ్గరికి పోవడానికే ఇన్ని సంజాయిషీలు.

ఈ మాటే అమ్మతో అన్నాను. అమ్మ చాట పక్కన పెట్టి అంది: "పెండ్లయినప్పట్నించి గ్యాసు వచ్చేదాకా ఆ గుట్టకే కట్టెలకు పోయినా. చీకట్లో ఎక్కి, నెత్తిన మోపుతో దిగతా ఉంటి. పాములు అడ్డమొచ్చేటివి. నీకేం పని అని ఒక్కరన్నా అడగలేదు."

నిజమే. ఆడది బరువు మోయడానికి పోతే ఊరు దారి ఇస్తుంది. చూడటానికి పోతే ఆపుతుంది. భయం గుట్ట గురించి కాదు, పామూ గురించి కాదు.

ఊరిమీద కోపంతోనే పాత ఫోటోలు తెరిచాను. సూర్యోదయాలు, పొగమంచు, నల్లటి బండలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మోపులెత్తుకుని, మేకలు తోలుకుని ఆడవాళ్ళు ఆ దారినే పోయేవాళ్ళు. వాళ్ళు ఫ్రేములోంచి తప్పుకునేదాకా నేను ఓపిగ్గా కాచుకునేదాన్ని. మనుషులుంటే ప్రకృతి దృశ్యం చెడిపోతుందని నాకెవరు నేర్పారు? ఊరు నన్ను అడిగిన ప్రశ్నే నా కెమెరా వాళ్ళను అడిగింది: ఇక్కడ మీకేం పని?

ఇప్పుడు గుట్టకు ఒక పక్క క్వారీ పడింది. ఇట్లాంటి నల్లరాయే పాలిష్ పట్టుకుని, ఓడలెక్కి, ఎక్కడో ఎవరి సమాధి మీదో నిలబడుతుంది. గుట్ట మొత్తం తరిగిపోకముందే అమ్మను తీసుకుపోవాలనిపించింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగుచోట్ల ఆగి ఎక్కింది. పైన నల్లబండ మీద కూచుని, అరచేయి ఆనించింది. ఎండకు కాగి ఉందేమో, "ఇంకా వేడి పోలేదే" అంది. చాలాసేపు మామిడి తోటల వైపు చూసింది. "ఇన్నేండ్లు వచ్చినా గానీ, ఈడ కూసున్నది లేదు."

ఆ ఫోటోలో అమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి.

దిగేటప్పుడు ఎదురైన మామ ఒకాయన అడగనే అడిగాడు, ఈ వయసులో గుట్ట మింద ఏం పనమ్మా అని. నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పింది: "చూసేదానికి పోయినాం."