కొండదారిలో పసిబిడ్డలు

చిత్తూరునుండి బయలుదేఱి తిరుపతి చేరి, అలిపిరి తనిఖీయొద్ద నిలిచితిమి. ప్రక్కబండిపై మామిడిపండ్ల గంపను త్రాళ్లతో చక్కగా బిగించియుండిరి; ముందుపీటపై తల్లియొడిలోని పసిబిడ్డకు మాత్రము కట్టులేదు.

సోదరీమణులారా, అమ్మయొడికంటె భద్రమైన చోటు లేదని మనము నమ్ముదుము. ఇంటిలో నది నిజమే. కాని వేగముగా పోవుచున్న బండి యకస్మాత్తుగా నిలిచినచో ఒడిలోని బిడ్డ యదే వేగముతో ముందునకు పోవును. ఎంత బలముగల చేతులైనను ఆపజాలవు. కావున వెనుకపీటపై, ఈడునకు తగిన పిల్లల యాసనమున పట్టీలు బిగించి కూర్చుండబెట్టవలెను. పదునాలుగేండ్లలోపు బిడ్డలకు ఇట్టి కట్టుదిట్టము లేనిచో 1000 రూపాయల జుల్మానా యని 2019వ సంవత్సరపు మోటారు వాహనముల సవరణచట్టము విధించినది. గంపకు కట్టు వేయుమని చెప్పిన చట్టము నెఱుగము. అయినను దానిని మఱచువారు లేరు!

కొండకు 1974వ సంవత్సరమున తెఱచిన దారిని ఎక్కి, 1944 నాటి తొలిదారిని దిగవలెను. దిగుదారిలో మలుపులు మెండు. సారథిని తొందరపెట్టి ఫలములేదు. నియమితకాలమునకు ముందే దిగిన బండికి దండన కలదు. మా చిన్నవాడు కిటికీలోనుండి తల చాపుటకు పట్టీ యడ్డమయ్యెనని కొంతసేపు అలిగి, పిదప మలుపుల నెన్నసాగి, పదవదానికే నిదురపోయెను.