బల్బమ్మ పిల్లలు

రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోడిపిల్లల్నో, గ్రామప్రియ పిల్లల్నో తెచ్చుకుని, వరండా మూల అట్టపెట్టెలో బల్బు వెలిగించి పెంచుతున్నారా? మొదటి వారం ఇంటిల్లిపాదికీ ముద్దొచ్చే ఉంటాయి. మూడో వారానికల్లా ఊక దుమ్ము టీవీ మీదకెక్కి, వాసన వంటింటి దాకా వచ్చి, "వీటినెప్పుడు బయటికి తోలతావు?" అని ఇంట్లోవాళ్ళు సణగడం మొదలై ఉంటుంది. వాళ్ళ బాధ న్యాయమే. అయినా కాస్త ఆగండి.

పెట్ట పొదిగి తీసిన పిల్లలతో ఈ బెడద లేదు. చలేస్తే రెక్కల కిందికి దూరతాయి. గద్ద కనబడి తల్లి ఒక్క అరుపు అరిచిందంటే ఎక్కడివక్కడ నక్కిపోతాయి. నెలన్నరో, రెండు నెలలో గడిచాక ఆ తల్లే వాటిని పొడిచి దూరం పెడుతుంది. బల్బమ్మకు ఆ విద్య తెలీదు. మీరు ఆర్పేదాకా కాస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ పొడిచే పనేదో మీరే చెయ్యాలి, అదీ మెల్లమెల్లగా.

మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, ఆపైన వారానికి 3 డిగ్రీల లెక్కన తగ్గించాలి అంటారు. లెక్క మంచిదే గానీ, నన్నడిగితే పిల్లల్ని చూడటం ఇంకా మంచిది. బల్బు కింద కుప్పపడి కీచుకీచుమంటుంటే చలి. గోడలకు అతుక్కుని నోళ్ళు తెరుస్తుంటే వేడెక్కువ. పెట్టె నిండా చెదిరి, తింటూ గీరుతూ ఉంటే మీ పని సరిగ్గా ఉన్నట్టు. రోహిణి కార్తెలో మన ఎండలకు పగలు బల్బెందుకు చెప్పండి! అదే సంక్రాంతి ముందర ఆదిలాబాద్ వైపు చలిలోనైతే పగలు ఆర్పినా రాత్రి వెలిగించాల్సిందే. రాత్రిపూట కూడా బల్బు లేకుండా హాయిగా పడుకుంటున్నాయంటే బయటికి సిద్ధమైనట్టే.

వయసు ఎంతంటారా? ఐదారు వారాలు. అంతకంటే ఈకల్ని చూడండి. మెడ మీదా రెక్క కిందా నూగు పోయి, అసలు ఈక కమ్ముకుని ఉండాలి. నూగు వాన చినుక్కి ఆగదు. తడిసిన పిల్లకు చలిగాలి తగిలితే ఇక చెప్పేదేముంది! అందుకే ముసురు పట్టిన వారంలో మార్చొద్దు. వయసు నిండిపోయిందని పంచాంగం చూసినట్టు చూడకండి, వారం ఆగితే ఏమీ మునిగిపోదు. కొక్కెర వ్యాధికి లసోటా టీకా చుక్కలు మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఇంకోసారి పడ్డాయో లేదో చూసుకోండి. ఊరి కోళ్ళు తిరిగే పెరట్లోకి టీకా లేని పిల్లల్ని వదలడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఇక గూడు. చలిని తలచుకుని చాలామంది నాలుగు పక్కలా పట్టాలు కప్పేస్తారు. అది తప్పంటాను. రెట్ట ఘాటు బయటికి పోకపోతే పిల్లలకు కళ్ళమంటలు, రొప్పులు. గాలి పైనుంచి ఆడాలి, కింద మాత్రం రాకూడదు. ఊక తడిసి ముద్దయిందా, రక్తపారుడు పొంచి ఉన్నట్టే. తీసేసి పొడిది వెయ్యండి. పిల్లి పంజా దూరని సన్నకన్ను జాలీ కొట్టించండి. పందికొక్కు కన్నం వెయ్యకుండా దాన్ని అడుగు లోతున భూమిలోకి దించండి. ముంగిసకైతే తలుపు సందు చాలు, కాబట్టి గడియ గట్టిదై ఉండాలి.

పెద్ద కోళ్ళు ముందే ఉన్నాయా? అసలు రామాయణం అక్కడుంది. కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవాలన్న వరస ఒకటుంటుంది. నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బె అనే ఆయన 1921లోనే దీని మీద పరిశోధన రాశాడు. మన అమ్మమ్మలకు రాయకుండానే తెలుసనుకోండి. కొత్త పిల్లలు ఆ వరసలో అట్టడుగున చేరతాయి. మధ్యలో జాలీ కట్టి, ఒకటి రెండు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోనివ్వండి. మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. గుడ్లు పెట్టే కోళ్ళ మేత మాత్రం పిల్లల గిన్నెలో పడనివ్వొద్దు. అందులో ఉండే సున్నం వాటి మూత్రపిండాలకు చేటు.

గూట్లో పెట్టగానే తలుపు తియ్యకండి. ఓ వారం లోపలే ఉంచితే అదే ఇల్లని వాటికి ఒంటబడుతుంది. తర్వాత ఓ సాయంత్రం, పొద్దుగూకే ముందు, ఆకలి మీదుండగా తలుపు తియ్యండి. దూరం పోవు. గింజలు చల్లి, మీ ఊళ్ళో కోళ్ళనెలా పిలుస్తారో అలా పిలిస్తే వచ్చేస్తాయి. ఒకటో రెండో మాత్రం జామచెట్టెక్కి కూర్చుంటాయి, అసీలు రక్తం ఉన్నవి మరీనూ. బాగా చీకటి పడ్డాక చేత్తో దించి గూట్లో పెట్టండి, కళ్ళు కనబడక కిమ్మనవు. వెలుతురుండగా పట్టబోయారో, పక్కవాళ్ళ పెరడు దాకా పరుగే.